పెరూలో అరెకీపా: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా? కోల్కా లోయకి ఎన్ని రోజులు ఉంచుకోవాలి?

తుంగభద్ర_గట్టు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో ఉంటాం. ఈ వేసవికి అమ్మానాన్న మా దగ్గరికి వస్తున్నారు. నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు, మాచూపిచ్చు చూడాలని ఆయనకి ఎప్పట్నుంచో ఉంది, అందుకే జూలైలో పెరూ టికెట్లు చూస్తున్నాను. ముందు అనుకున్నది లీమాలో దిగి, అక్కణ్నుంచి నేరుగా కుస్కో, మాచూపిచ్చు చూసి వెనక్కి. అయితే ఆఫీసులో ఒకాయన అరెకీపా తప్పకుండా చూడండి, చుట్టూ అగ్నిపర్వతాలు, ఊరంతా తెల్లరాయి, పక్కనే కోల్కా అనే పెద్ద లోయ (కాన్యన్) అని చెప్పినప్పటినుంచి మనసు అటు లాగుతోంది.

నా డౌట్లు ఏంటంటే, ఇద్దరికీ అరవై దాటాయి, నాన్నకి బీపీ ఉంది, మాత్రలతో కంట్రోల్‌లోనే ఉంది, నడక బాగానే నడుస్తారు. ఎత్తు ప్రదేశాలకి ఆయన తట్టుకుంటారా? కోల్కా లోయకి తెల్లవారుజామున 3 గంటలకి బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే టూర్లు కనిపిస్తున్నాయి, అది సరిపోతుందా? అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు, అక్కడ ఆమెకి తిండి దొరుకుతుందా? వీసా సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి. మొత్తం పది రోజుల లోపే కుదురుతుంది నాకు.

గోదారి_గాలి

అరెకీపా పెట్టుకోండి అండీ, అదీ కుస్కో తర్వాత కాదు, ముందు. మీ నాన్నగారి ఆరోగ్యం దృష్ట్యా కూడా ఇదే మంచిది. లీమా సముద్రం ఒడ్డున ఉంటుంది, కుస్కో 3,400 మీటర్ల ఎత్తు, అంటే పొద్దున సముద్రమట్టంలో టిఫిన్ చేసి మధ్యాహ్నానికి అంత ఎత్తులో దిగుతారన్నమాట, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకే అక్కడ తల పట్టేసి ఆయాసం వస్తుంది. అరెకీపా సుమారు 2,300 మీటర్లు. అక్కడ రెండు మూడు రాత్రులు ఉంటే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది, తర్వాత కుస్కో అంత కష్టమనిపించదు. అరెకీపా నుంచి కుస్కోకి విమానం గంట ప్రయాణం. బస్సు అయితే పది గంటలు, పెద్దవాళ్లతో వద్దు.

ఇక ఊరి గురించి. దాన్ని మాచూపిచ్చుకి వెళ్లే దారిలో మజిలీగా చూడకండి, ఊరి కోసమే కనీసం రెండు పూర్తి రోజులు ఇవ్వండి. 1540లో స్పెయిన్ వాళ్లు కట్టిన ఊరు, పాత బస్తీ మొత్తానికి 2000లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడ ‘సిల్యార్’ అనే తెల్లటి రాయి ఉంటుంది, లక్షల ఏళ్ల కిందట చుట్టూ ఉన్న అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి రాయైంది. చేత్తో తడిమితే గరుకుగా, చిన్న చిన్న బొక్కలతో ఉంటుంది, మామూలు బండరాయికంటే తేలిక, ఉలికి తేలిగ్గా లొంగుతుంది. గుళ్లు, ఇళ్లు, కమానులు అన్నీ దాంతోనే. ఊరి బయట అన్యాశ్వాయ్కో గనుల్లో ఇప్పటికీ మనుషులు సుత్తీ ఉలీ పట్టుకుని ఆ రాయి చెక్కుతుంటారు, చూడ్డానికి టూర్లు ఉన్నాయి. నాన్నగారికి ఇలాంటివి ఆసక్తి కాబట్టి ఒక పూట అటు తీసుకెళ్లండి.

సాంతా కాతలీనా మఠానికి మాత్రం సగం రోజు ఉంచండి. 1579లో పెట్టారు, దాదాపు 20,000 చదరపు మీటర్లు, ఊళ్లో ఇంకో ఊరు. లోపల వీధులకి సెవీయా, కోర్దోబా, గ్రనాదా అని స్పెయిన్ ఊళ్ల పేర్లు, గోడలు ఒకచోట ఎర్రమట్టి రంగు, ఇంకోచోట ముదురు నీలం. డబ్బున్న కుటుంబాల అమ్మాయిలు సన్యాసం పుచ్చుకుని, పనివాళ్లని వెంటబెట్టుకుని, సొంత వంటగదులతో ఉండేవాళ్లు. 1871లో పోపు పంపిన ఒక కఠినమైన సన్యాసిని వచ్చి ఆ వైభోగమంతా ఆపించి, అందరినీ ఒకేచోట ఉండేలా చేసింది. 1970 దాకా బయటివాళ్లకి ప్రవేశమే లేదు. ఇప్పటికీ ఒక పక్కన సన్యాసినులు ఉన్నారు. నాకు బాగా నచ్చింది బట్టలుతికే చోటు. పెద్ద మట్టి గాబుల్ని నిలువునా సగానికి కోసి, పిల్లకాలువకి రెండువైపులా వాలుగా పడుకోబెట్టారు, కాలువలో చెయ్యి అడ్డం పెడితే నీళ్లు పక్కకి మళ్లి మీ ముందున్న గాబులోకి వస్తాయి. అంతే, ఇంకే యంత్రం లేదు. గైడ్‌ని పెట్టుకోండి, ఊరికే తిరిగితే అందమైన గోడలు తప్ప ఇంకేం తెలియవు.

సాయంత్రం యానవారా అనే పేటలో తెల్లరాతి కమానుల దగ్గర నిలబడితే ఎదురుగా మిస్తి పర్వతం, 5,822 మీటర్లు, ముక్కోణంలా నిటారుగా కనిపిస్తుంది. జూలైలో ఆకాశం దాదాపు రోజూ తేటగా ఉంటుంది.

మబ్బుల_దారి

కోల్కా గురించి నేను చెప్తాను. ఆ ఒక్కరోజు టూరు పెద్దవాళ్లతో దయచేసి బుక్ చెయ్యొద్దు. అరెకీపా నుంచి చివాయ్ ఊరు సుమారు 160 కిలోమీటర్లు, మధ్యలో పాతపంపా అనే కనుమ దాటాలి, దాని ఎత్తు 4,910 మీటర్లు. అంటే ఒకేరోజు చీకట్లో, నిద్రలేకుండా, 2,300 నుంచి 4,900కి ఎక్కి, దిగి, సాయంత్రం మళ్లీ అదే దారిన ఎక్కి దిగాలి. మా బస్సులో సగంమంది కిటికీకి తల ఆనించి మూలుగుతూ కూర్చున్నారు, ఒకావిడకి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. మేం మాత్రం చివాయ్ కంటే కాస్త కిందున్న యాంకె ఊళ్లో రాత్రి ఆగిపోయాం కాబట్టి మర్నాడు హాయిగా చూశాం. మీరైతే ముందు అరెకీపాలో రెండు రాత్రులు ఉండి, తర్వాత లోయలో ఒక రాత్రికి తక్కువ కాకుండా పెట్టుకోండి, వీలైతే సొంతంగా కారూ డ్రైవరూ మాట్లాడుకోండి, ఎందుకంటే నాన్నగారికి ఇబ్బందిగా ఉంటే ఎక్కడైనా ఆపొచ్చు, కనుమ దగ్గర ఫొటోలకి నిలబడకుండా త్వరగా కిందకి దిగిపోవచ్చు. డాక్టర్‌ని అడగకుండా మాత్రం బయల్దేరొద్దు. ఎత్తుకి వేసుకునే మాత్రలు బీపీ మందులతో పడతాయో లేదో డాక్టరే చెప్పాలి.

దారిలో మైదానాల్లో వికున్యాలు (లామా లాంటి జంతువులు) గుంపులుగా మేస్తుంటాయి, రిజర్వు ప్రాంతం అది, కారు దగ్గరికెళ్లినా పెద్దగా బెదరవు. కనుమ మీద నుంచి సబంకాయా అనే అగ్నిపర్వతం పొగ కక్కుతూ కనిపిస్తుంది, 2016 నవంబర్ నుంచి అది రగులుతూనే ఉంది.

కోందోర్ అనే పెద్ద రాబందుల సంగతి అందరూ చెప్తారు, కానీ టైమింగ్ ముఖ్యం. క్రుస్ దెల్ కోందోర్ అనే చోట, పొద్దున 8 నుంచి 10 లోపు. ఎండకి లోయలో గాలి వేడెక్కి పైకి లేస్తుంది, కోందోర్లు ఆ గాలి మీదే పైకి తేలి వస్తాయి, రెక్క కొట్టవు. రెక్కలు చాపితే మూడు మీటర్ల పైనే. ముందు కాళ్ల కింద లోయలో ఒక నల్ల చుక్క, కాసేపటికి మీ కళ్ల ఎత్తులో, ఆ తర్వాత మీ తలమీదుగా పోతుంది, పోతున్నప్పుడు ఈకల్లోంచి గాలి చప్పుడు వినపడింది మాకు. అక్కడ కింద లోయ లోతు 1,200 మీటర్ల దాకా ఉంటుంది. కోల్కా 3,000 మీటర్ల పైన లోతని రాసేది ఇంకా కిందకి, టూర్లు వెళ్లని చోట. కాబట్టి ఆ అంకె మనసులో పెట్టుకుని చూడకండి, ఉన్నది చూస్తేనే కళ్లు తిరుగుతాయి.

నా మటుకు నాకు కోందోర్ల కంటే ఆ మెట్ల పొలాలే ఎక్కువ గుర్తున్నాయి. ఇంకాలు (స్పెయిన్ వాళ్లకి ముందు అక్కడ ఏలినవాళ్లు) రాకముందే కట్టిన రాతి గట్లు, ఇప్పటికీ వాటి మీదే కీనువా, మొక్కజొన్న, బంగాళాదుంప పండిస్తున్నారు. ఆడవాళ్ల టోపీలు చూడండి, లోయ పైభాగంలో ఉండే కోల్యాగ్వా వాళ్లవి రిబ్బన్లు కట్టిన తెల్ల టోపీలు, కిందివైపు కబానా వాళ్లవి నిండా ఎంబ్రాయిడరీ. ఏ ఊరివాళ్లో టోపీ చూసి చెప్పేస్తారు మా డ్రైవర్. లోయకి అవతలివైపు మిస్మి అనే మంచుకొండ, అమెజాన్ నది పుట్టుకల్లో ఒకటిగా దాన్ని చెప్తారు. నాన్నగారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి, సోషల్ మాస్టారు కదా.

లోయ అడుగుకి, అంటే సంగాల్యే ఒయాసిస్‌కి దిగే ట్రెక్ మాత్రం వద్దు. దిగడం పర్లేదు, మళ్లీ వెయ్యి మీటర్లు నిటారుగా ఎక్కి రావాలి.

పెసరట్టు_ఉప్మా

తిండి. అమ్మగారికి ఇబ్బందేం ఉండదు, కాకపోతే మీరు పక్కనుండి అడిగి పెట్టించాలి. ‘సిన్ కార్నె’ (మాంసం లేకుండా) అంటే చాలదు, చికెన్ని వాళ్లు దాంట్లో లెక్కెయ్యరు, చికెన్, చేప, గుడ్డు అన్నీ విడివిడిగా వద్దని చెప్పండి. సూపులు చాలావరకు మాంసం ఉడికించిన నీళ్లతోనే చేస్తారు, మెనూలో కూరగాయల సూప్ అని ఉన్నా ఒకసారి అడగండి. సోల్తెరితో అనే సలాడ్ అమ్మగారికి బాగా నప్పుతుంది, పచ్చి జున్నులాంటి చీజ్, పెద్ద చిక్కుడుగింజలు, మొక్కజొన్న, ఉల్లి, టమాటా, ఆలివ్‌లు కలిపి ఇస్తారు, కడుపు నిండుతుంది. ఉడికించిన పెద్దగింజల మొక్కజొన్న కంకి, చీజ్ ముక్క వీధుల్లో కూడా దొరుకుతాయి. రొకోతో రెయ్యేనో అరెకీపా పేరుమోసిన వంటకం, కానీ దాని లోపల మాంసం కూరుతారు. ఆ రొకోతో చూడ్డానికి అచ్చం ఎర్ర కాప్సికంలా ఉంటుంది, కొరికితే మన గుంటూరు వాళ్లకి కూడా కళ్లమ్మట నీళ్లు ఖాయం. ముక్కలుగా కోయించుకుని అన్నంలో నంజుకోండి, ఇంటి బెంగ తీరుతుంది.

ఎండలో తిరిగొచ్చాక కేసో ఎలాదో తినిపించండి. పేరులో చీజ్ ఉంది గానీ చీజ్ వెయ్యరు, పాలు, కొబ్బరి, దాల్చినచెక్కతో చేసే ఐస్‌క్రీమ్. కొందరు గుడ్డుసొన కూడా వేస్తారు, అడిగి కొనండి. మీరు మాంసం తినేవాళ్లైతే ఆదివారం పొద్దున్నే అదోబో తినాలి, పంది మాంసం పులుసు, ఆ ఊరి ఆచారం అది. మధ్యాహ్నాలు ‘పికాంతెరియా’ అని బోర్డున్న పాతకాలం హోటళ్లకి వెళ్లండి, టూరిస్టుల కోసం పెట్టిన మేడమీది రెస్టారెంట్ల కంటే వంట చాలా బాగుంటుంది.

పాస్‌పోర్ట్_సంచి

వీసా గురించి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ల దగ్గర కనీసం ఆరు నెలల గడువున్న అమెరికా వీసా గానీ, గ్రీన్‌కార్డ్ గానీ ఉంటే పెరూ టూరిస్ట్ వీసా అక్కర్లేదు, 2017 నుంచి ఉంది ఈ సౌకర్యం. అమ్మానాన్నల విజిటర్ వీసా మామూలుగా పదేళ్లు ఇస్తారు కాబట్టి వాళ్లకి పేచీ లేదు. మీరే చూసుకోవాలి. హెచ్1బీ ఉద్యోగ వీసాలో ఉండి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు అయిపోయి ఉంటే, చేతిలో అప్రూవల్ కాగితం ఉన్నా సరే పెరూకి అది చెల్లదు, పైగా కొత్త స్టాంప్ వేయించుకోకుండా అమెరికాకి తిరిగి రాలేరు కూడా. గడువు అయిపోయిన స్టాంప్‌తో వెనక్కి వచ్చే వెసులుబాటు కెనడా, మెక్సికోలకి చిన్న ట్రిప్పులకే. టికెట్లు కొనేముందు కాన్సులేట్ పేజీ ఒకసారి చదువుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. అక్కడ ప్రతి హోటల్లో కోకా ఆకుల టీ ఇస్తారు, అక్కడ అది మామూలు విషయం, తాగొచ్చు. కానీ ఆకులు గానీ టీ బ్యాగులు గానీ సూట్‌కేసులో పెట్టుకుని అమెరికా తేవద్దు, ఇక్కడ అది నేరం. ఉద్యోగంలో డ్రగ్ టెస్టులు ఉంటే మీరు తాగకపోవడమే మేలు, పరీక్షలో పట్టుబడుతుంది.

తుంగభద్ర_గట్టు

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. నా స్టాంప్ ఉంది, అది టెన్షన్ లేదు. అరెకీపా ముందు, కుస్కో తర్వాత అని ఫిక్స్ అయ్యాను, కోల్కాకి రెండు రోజులు. ఒక్క ప్రశ్న మిగిలింది. అమ్మ నిన్న ఫోన్లో ‘అగ్నిపర్వతం పక్కన ఊరేంట్రా, పేలితే?’ అంది. ఏం చెప్పాలి?

గోదారి_గాలి

అమ్మగారి భయం సహజమే అండీ. మిస్తి చివరిసారి గట్టిగా పేలింది 15వ శతాబ్దంలో, అప్పుడప్పుడూ కాస్త ఆవిరి వదులుతుంది తప్ప ఊరుకునే ఉంది, శాస్త్రవేత్తలు దాన్ని గమనిస్తూనే ఉంటారు. పొగ కక్కే సబంకాయా ఊరికి చాలా దూరం. నిజానికి ఆ ఊరిని ఎక్కువ బాధపెట్టింది భూకంపాలు. 1868లో ఊరు చాలామటుకు కూలింది, 2001 జూన్‌లో వచ్చినదానికి కెథీడ్రల్ గోపురం ఒకటి పడిపోయింది, మళ్లీ కట్టారు. అంత మందపాటి గోడలు, పొట్టి కట్టడాలు అందుకే. హోటల్లో దిగగానే బయటికి దారి ఎటో అమ్మగారికి చూపించండి, ఆకుపచ్చ బోర్డుల మీద ఎస్ అక్షరం ఉంటుంది, భూకంపం వస్తే నిలబడాల్సిన చోటు అది.

ఆ అగ్నిపర్వతాల వల్లే మరో సంగతి బయటపడింది, నాన్నగారికి తప్పకుండా చూపించండి. సబంకాయా వేడి బూడిద పక్కనున్న అంపాతో కొండ మీద పడి శిఖరం మంచు కరిగితే, 1995లో అక్కడ ఇంకాలు బలిచ్చిన ఒక అమ్మాయి దేహం దొరికింది, ఐదొందల ఏళ్లు దాటినా మంచులో చెక్కుచెదరకుండా. హువానితా అంటారు. ప్లాసా (ఊరి నడిబొడ్డున ఉన్న కూడలి) దగ్గర్లో కథోలిక యూనివర్సిటీ వాళ్ల మ్యూజియంలో అద్దాల ఫ్రీజర్లో ఉంచారు. ఏడాది మొదట్లో కొన్ని నెలలు ఆమెని పక్కకి తీసి వేరే దేహాన్ని పెడతారు, జూలైలో మామూలుగా ఉంటుంది, అయినా వెళ్లేముందు అడగండి. లోపల చీకటిగా, చల్లగా ఉంటుంది. పన్నెండూ పదిహేనేళ్ల మధ్య పిల్ల, వేళ్ల గోళ్లు కూడా కనిపిస్తాయి. అమ్మగారు సున్నిత మనసువాళ్లైతే బయట కూర్చోబెట్టండి.

మబ్బుల_దారి

బట్టల సంగతి మర్చిపోయాం. జూలై అక్కడ చలికాలం. అరెకీపాలో పగలు ఎండ చురుక్కుమంటుంది, టోపీ, సన్‌స్క్రీన్ కావాలి, సూర్యుడు దిగగానే స్వెట్టర్. కోల్కాలో రాత్రి సున్నా కంటే కిందకి పోతుంది, కాబట్టి హీటర్ ఉందా, మంచం మీద ఎన్ని దుప్పట్లు ఇస్తారు అని అడిగి మరీ రూమ్ బుక్ చెయ్యండి, అమ్మానాన్నలకి ఉన్ని సాక్సులు, చెవులు కప్పే టోపీలు పెట్టండి. ఇంకోటి, జూలై 28, 29 వాళ్ల స్వాతంత్ర్య దినాలు, దేశమంతా సెలవులకి బయల్దేరుతుంది, రేట్లు పెరుగుతాయి, బస్సులూ విమానాలూ నిండిపోతాయి. కుదిరితే 25లోపే ముగించుకునేలా చూడండి.