ఐసెట్ మాక్ టెస్టుల్లో మార్కులు 100 దగ్గరే ఆగిపోయినయ్, ఏం చేయాలె?

మాది హనుమకొండ. టీజీ ఐసెట్‌కు (తెలంగాణల ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష) ఇంకా ఐదు వారాలే ఉంది. ఇప్పటికి 14 ఫుల్ మాక్‌లు రాసిన. మొదటి నాలుగింట్లో 78 నుంచి 97కు వచ్చిన, తర్వాత పదింట్లో 96–104 మధ్యనే తిరుగుతున్న.

150 నిమిషాల్లో అనలిటికల్ 75 ప్రశ్నలకే 72 నిమిషాలు పోతున్నయ్. అందులో డేటా సఫిషియెన్సీ (ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతదా లేదా అని తేల్చేవి) 20 ప్రశ్నలే 25 నిమిషాలు తింటున్నయ్, అదే నాకు పెద్ద బాధ. మ్యాథ్స్‌కు 55. చివరికి కమ్యూనికేషన్ 50 ప్రశ్నలకు 23 నిమిషాలే మిగులుతున్నయ్, ప్యాసేజీలు చదవకుండనే ఆన్సర్లు పెట్టేస్తున్న. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ వదలట్లేదు గానీ, మొత్తమ్మీద గుడ్డిగా పెట్టినవి 40 దాకా ఉంటున్నయ్.

కమ్యూనికేషన్ ముందు రాసి చూసిన. అక్కడ 9 పెరిగినయ్, మ్యాథ్స్‌ల అన్నే పోయినయ్. తప్పులన్నీ నోట్‌బుక్‌ల రాసుకుంటున్న. పాత పేపర్లు టైమ్ పెట్టుకోకుండ చేస్తే 130 దాటుతున్నయ్, అంటే లెక్కలు రాక కాదు.

ఇప్పుడు రోజు విడిచి రోజు మాక్ రాస్తున్న. ఈ దశ దాటినోళ్లు చెప్పండి: మిగిలిన ఐదు వారాలు ఇట్లనే ఫుల్ మాక్‌లు రాయాల్నా, లేక వారానికి ఒకటికి తగ్గించి, సెక్షన్ల వారీగా టైమ్ పెట్టుకొని ప్రాక్టీస్ చేయాల్నా?