పాత డెస్క్‌టాప్‌కి బయట ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే సరిపోతుందా, లోపలి డిస్క్ మార్చాల్సిందేనా?

గువ్వ
నాన్నగారి డెస్క్‌టాప్ బాగా నెమ్మదించింది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద బొమ్మలన్నీ వచ్చేసరికి నాలుగు నిమిషాలు, ఆ తర్వాత బ్రౌజర్ తెరుచుకోవడానికి ఇంకో నిమిషంన్నర. ఆయన రోజూ పొద్దున్నే కూర్చుని తన జ్ఞాపకాలు టైప్ చేసుకుంటారు. కొత్తది వద్దంటున్నారు. యూఎస్‌బీకి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లతో చేసిన డిస్క్) తగిలించి, సిస్టమ్‌ని దాని మీద నుంచే నడిపితే వేగం వస్తుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

సాటాకేబుల్
బయట వేలాడదీయడం ఎందుకండీ? క్యాబినెట్ పక్క రేకు విప్పి, పాత డిస్క్ తీసి, దాన్ని మదర్‌బోర్డ్‌కి కలిపే అదే సాటా కేబుల్‌కి ఎస్‌ఎస్‌డీ పెట్టండి. పావుగంట పని. సాటా 3 అంటే సెకనుకు 6 గిగాబిట్లు, యూఎస్‌బీ 3.0 అంటే 5. తక్కువది ఎందుకు తీసుకోవాలి?

చిరుగాలి
ముందు ర్యామ్ పెంచండి.

మూడోకన్ను
పోర్ట్ ఏదో తెలియకుండా సలహాలేంటి? యూఎస్‌బీ 2.0 అయితే కాగితం మీద 480 మెగాబిట్లు, చేతికొచ్చేది సెకనుకు 35 ఎంబీ అటూ ఇటూ. అలాంటి దానికి సిస్టమ్ పెట్టుకుని ఉపయోగం లేదు.

నీలిపోర్ట్
యూఎస్‌బీ 3.0 ఉంటే నిస్సందేహంగా పెట్టుకోండి. నేను మూడేళ్లుగా అలాగే వాడుతున్నాను. 5, 6 గిగాబిట్ల లెక్క పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు పనికొస్తుంది. సిస్టమ్ లేచేటప్పుడు జరిగేది వేరు. వేల చిన్న చిన్న ఫైళ్లు డిస్క్ మీద తలో చోటా ఉంటాయి. నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్క్‌కి ఒక్క చుట్టుకే 11 మిల్లీసెకన్లు పడుతుంది. చదివే హెడ్ అక్కడికి జరగాలి, కావాల్సిన చోటు దాని కిందికి తిరిగి రావాలి. అలా సెకనుకు అరవై, డెబ్బై ఫైలు ముక్కలు అందితే గొప్ప. కేసింగ్‌కి చెవి ఆనిస్తే వినబడే గరగర ఆ వెతుకులాటే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు, మిల్లీసెకన్‌లో పదోవంతులో జవాబిస్తుంది. మధ్యలో యూఎస్‌బీ ఉన్నందుకు కాస్త ఆలస్యమైనా ఆ తేడా మన కంటికి ఆనదు.

సాటాకేబుల్
ఆనదు అంటే సరిపోతుందా? 6 కన్నా 5 తక్కువ, అవునా కాదా? ట్రిమ్ సంగతేంటి? చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని సిస్టమ్ ఎస్‌ఎస్‌డీకి చెప్పాలి కదా. చాలా యూఎస్‌బీ కేస్‌లు ఆ మాట లోపలికి పోనివ్వవు. ఏడాది పోయాక రాసే వేగం పడిపోతుంది, అప్పుడు మళ్లీ ఇక్కడికే వచ్చి అడుగుతారు.

నీలిపోర్ట్
పావు వంతు చోటు ఖాళీగా ఉంచితే రోజువారీ వాడకంలో ట్రిమ్ లేని లోటు తెలియదు. నా మూడేళ్ల అనుభవం చెబుతున్నాను, పట్టికలో అంకెలు కాదు.

గువ్వ
ఒక విషయం ముందే చెప్పాల్సింది, క్షమించండి. అది టవర్ కాదు, ఐమ్యాక్, అంటే తెర వెనకే అన్నీ ఇమిడి ఉండే యాపిల్ కంప్యూటర్. 2012 చివర్లో వచ్చిన 21.5 అంగుళాల మోడల్. యూఎస్‌బీ 3 పోర్టులు నాలుగున్నాయి.

మూడోకన్ను
అయితే ర్యామ్ మాట వదిలేయండి. 27 అంగుళాల దానికి వెనకాల ర్యామ్ తలుపు ఉంటుంది, దీనికి లేదు. అద్దం ఊడదీయాలి.

నీలిపోర్ట్
ఇక చర్చ అయిపోయినట్టే. ఆ మోడల్‌కి తెర జిగురు పట్టీలతో అంటించి ఉంటుంది. విప్పడానికి ఒక్క స్క్రూ కూడా లేదు. బయటే పెట్టండి.

సాటాకేబుల్
ఎందుకు అయిపోతుంది? పలచటి ప్లాస్టిక్ చక్రంతో జిగురు కోసి తెర తీయొచ్చు. నేను మూడు తీశాను. మళ్లీ కొత్త పట్టీలు వేసి అంటించడమే. చేతకాదని చెప్పండి, కుదరదని చెప్పకండి.

నీలిపోర్ట్
సరే, నాకు చేతకాదు. అందుకే ఒకసారి రిపేరుకిచ్చాను. తెర కింది మూలన గోరంత పగులుతో తిరిగొచ్చింది. డిస్క్ ఫార్మాట్ చేసేశారు, అడగనైనా అడగలేదు. మా పాప మొదటి రెండేళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఆ రోజు నుంచి నా మెషీన్‌ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. మీరు మూడు విప్పారు, మంచిదే. గువ్వగారి నాన్నగారు విప్పగలరా?

సాటాకేబుల్
బ్యాకప్ తీసుకోకుండా ఇవ్వడం మీ పొరపాటు. దానికి అందరినీ భయపెట్టడమేంటి? నా సంగతీ వినండి. మా అన్నయ్య ఇలాగే బయట డ్రైవ్ మీద పని చేసేవాడు. బల్ల తుడుస్తుంటే మోచేయి తగిలి కేబుల్ ఊడింది, ఫైలు సేవ్ అవుతుండగానే. డ్రైవ్ మళ్లీ తెరుచుకోలేదు. ఆరు నెలల పని పోయింది. లోపల ఉండుంటే ఊడేదా?

నీలిపోర్ట్
మీ అన్నయ్యగారికి మాత్రం బ్యాకప్ ఉందా?

చిరుగాలి
ఇద్దరూ కాస్త ఆగండి.

సాటాకేబుల్
లేదు. ఆ మాట నన్ను గుచ్చడానికి అడిగారని తెలుసు, అయినా నిజమే, లేదు.
అసలు నా బాధ వేగం గురించి కాదు. డిస్క్ అరిగిపోయే వస్తువు. ఎప్పుడో ఒకప్పుడు పోతుందని తయారుచేసినవాళ్లకీ తెలుసు. తెలిసీ దాని మీద అద్దం పెట్టి జిగురేశారు. కొనుక్కున్న మనిషి తన వస్తువు తాను బాగుచేసుకునే దారి మూసేశారు. మనమేమో బయట ఒక వైరు కట్టుకుని, ఇదే బాగుంది అంటున్నాం. అందరూ ఇలా సర్దుకుపోతే రేపు ఆ వైరు పెట్టుకునే పోర్టు కూడా ఉండదు.

నీలిపోర్ట్
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. జిగురు విషయంలో మీ కోపం న్యాయమైనదే. కానీ ఆ పోరాటానికి ఒక పెద్దాయన రాసుకునే మెషీన్‌ని ముందు పెట్టొద్దంటున్నాను. తెర పగిలితే నష్టం ఆయనకే, దాన్ని తయారుచేసినవాళ్లకి కాదు. ఆయనకి కావలసింది రేపు పొద్దున్న కూర్చుని రాసుకోవడం.

సాటాకేబుల్
నేనింకా విప్పాలనే అంటాను. కానీ ఆయన విప్పాలని అనను.

గువ్వ
నిన్న బయటే పెట్టాను. కమాండ్, ఆర్ మీటలు నొక్కిపట్టి ఆన్ చేసి, డిస్క్ యుటిలిటీలో ఎస్‌ఎస్‌డీని ఏపీఎఫ్‌ఎస్‌గా (మ్యాక్ ఫైళ్లు దాచే పద్ధతి) ఫార్మాట్ చేసి, దాని మీద మ్యాక్ ఓఎస్ కాటలినా వేశాను. ఈ మోడల్ అంతకు మించి వెళ్లదు. సెట్టింగ్స్‌లో స్టార్టప్ డిస్క్ కూడా మార్చాను. నాలుగు నిమిషాలు పట్టేది 41 సెకన్లకు వచ్చింది. సాటాకేబుల్‌గారి అన్నయ్య సంగతి చదివాక డ్రైవ్‌ని స్టాండ్ వెనకాల రెండు వైపులా అంటుకునే టేపుతో అంటించి, వైరు కూడా అక్కడే కట్టేశాను. బల్ల మీద చేయి తగలడానికి ఏమీ లేదు. పాత డిస్క్‌ని బ్యాకప్‌కి పెట్టాను.

మూడోకన్ను
కాటలినాకి భద్రతా అప్‌డేట్లు 2022లోనే ఆగిపోయాయి. బ్యాంకు పనులు దాంట్లో చేయనివ్వకండి.

సాటాకేబుల్
బ్యాకప్‌కి ఆ పాత డిస్క్ ఒక్కటే అయితే వద్దండీ. నెమ్మదించింది వయసు వల్లనో, చెడిపోతూనో మనకు తెలియదు. డిస్క్ యుటిలిటీలో దాని స్మార్ట్ స్టేటస్ (డిస్క్ బాగుందో లేదో అదే చెప్పే మాట) ఏముందో చూసి ఇక్కడ పెట్టండి. వెరిఫైడ్ అని ఉన్నా సరే, నాన్నగారు రాసినదంతా ఈ రాత్రికే ఇంకో చోటికి కాపీ చేయండి.

గువ్వ
వెరిఫైడ్ అనే ఉంది. అయినా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పెట్టాను, అవుతోంది.