మొలాసెస్ (ఆటమ్స్‌ను లేజర్ లైటుతో ఇంకా చల్లబరిచే దశ) తర్వాత కూడా రుబిడియం ఆటమ్స్ మేఘం 120 మైక్రోకెల్విన్ దగ్గరే ఆగిపోతోంది, ఎక్కడ వెతకాలి?

రుబిడియం87:
ఎంఓటీలో (లేజర్లు, అయస్కాంత క్షేత్రంతో ఆటమ్స్‌ను పట్టి ఉంచే ఉచ్చు) ఆటమ్స్‌కు లోటు లేదు. 780 నానోమీటర్ల కూలింగ్ లేజర్ డిట్యూనింగ్ (ఆటమ్ రేఖ నుంచి ఫ్రీక్వెన్సీ తేడా) మైనస్ 15 మెగాహెర్ట్జ్, అయస్కాంత క్షేత్రం గ్రేడియెంట్ సెంటీమీటరుకు 10 గాస్. కాయిల్స్ ఆపి, డిట్యూనింగ్‌ను మైనస్ 60కి జరిపి 8 మిల్లీసెకన్ల మొలాసెస్ ఇస్తే వస్తున్నది 120 మైక్రోకెల్విన్. డాప్లర్ పరిమితే (మామూలు లేజర్ కూలింగ్ చేరగల కనిష్ఠం) 146 కదా, దానికన్నా బాగా కిందికి దించే సబ్‌డాప్లర్ కూలింగ్ దాదాపు జరగనట్టే. స్టీల్ ఛాంబర్, అద్దాలతో వెనక్కి తిప్పిన మూడు బీములు. ఈ మేఘాన్ని 1064 నానోమీటర్ల డైపోల్ ట్రాప్‌లోకి (లేజర్ బీము ఫోకస్‌లో ఆటమ్స్‌ను పట్టి ఉంచే ఉచ్చు) ఎక్కించాలి.

చల్లమబ్బు:
ముందు ఆ 120 నిజమో కాదో తేల్చండి. ఉష్ణోగ్రత, వదిలేసిన మేఘం విచ్చుకున్నాక ఫొటోలో కనిపించే వెడల్పు వర్గాన్ని బట్టి వస్తుంది, కాబట్టి కెమెరా మాగ్నిఫికేషన్‌లో 10 శాతం తప్పు ఉష్ణోగ్రతలో 20 శాతం అవుతుంది. మాగ్నిఫికేషన్‌ను ఆటమ్స్ పడే దూరంతోనే సరిచూడండి: 20 మిల్లీసెకన్లలో 1.96 మిల్లీమీటర్లు. 10 మైక్రోకెల్విన్ దగ్గర వేగం సెకనుకు 31 మిల్లీమీటర్లే, అంటే 5 మిల్లీసెకన్లకు పెరిగేది 0.15 మిల్లీమీటరు, మేఘం మొదటి సైజులోనే అది మునిగిపోతుంది. 25 మిల్లీసెకన్ల దాకా వెళ్లండి. మేఘం మరీ దట్టంగా ఉన్న తొలి చిత్రాలను లెక్కలోంచి తీసేయండి, మధ్యభాగం చదునై వెడల్పు ఎక్కువ చూపిస్తాయి.

లేజర్_లాకు:
కొలత సరిగ్గానే ఉంటే నా అనుమానమంతా అయస్కాంత క్షేత్రం మీదే. మొలాసెస్ పనిచేసేది జీమన్ ఉపస్థాయిల (అయస్కాంత క్షేత్రంలో విడిపోయే ఆటమ్ శక్తిస్థాయిలు) మధ్య ఆప్టికల్ పంపింగ్ (లైటుతో ఆటమ్స్‌ను ఒక స్థాయి నుంచి మరోదానికి మార్చడం) వల్ల. 100 మిల్లీగాస్ మిగిలినా స్పిన్ 70 కిలోహెర్ట్జ్‌తో తిరిగి ఆ పంపింగ్‌ను కలిపేస్తుంది. డిట్యూనింగ్ పెంచినకొద్దీ పంపింగ్ మందగిస్తుంది కాబట్టి దెబ్బ ఇంకా పెరుగుతుంది. డిట్యూనింగ్ మైనస్ 20కన్నా మైనస్ 60 దగ్గరే వేడిగా ఉంటే గుర్తు అదే.

ఛాంబర్ బయట పెట్టిన సెన్సార్‌ను నమ్మకండి. 6.8347 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ ఇచ్చి ఆటమ్స్‌నే అడగండి. క్షేత్రం ఉంటే రేఖ ఏడుగా చీలుతుంది, పక్కపక్క రేఖల ఎడం గాస్‌కు 0.7 మెగాహెర్ట్జ్. మూడు జతల షిమ్ కాయిల్స్‌ను (మిగిలిన క్షేత్రాన్ని రద్దుచేసే కాయిల్స్) ఒక్కొక్కటిగా మారుస్తూ రేఖలను దగ్గరికి తెండి. ఇదే కొలతను కాయిల్స్ ఆపిన 1, 3, 5, 10 మిల్లీసెకన్లకు చేయండి. ఎడం కాలంతో మారుతుంటే స్టీల్‌లో ఎడ్డీ కరెంట్లు (క్షేత్రం మారినప్పుడు లోహంలో పుట్టే సుడి కరెంట్లు) తిరుగుతున్నట్టే. అవి చల్లారేదాకా లైటు తక్కువ డిట్యూనింగ్‌లోనే ఉంచి, ఆ తర్వాతే మైనస్ 60కి వెళ్లండి.

అద్దాలగది:
బీముల సమతూకం కూడా చూడాలి. పూత లేని గాజు ప్రతి ముఖం దగ్గరా 4 శాతం పోతుంది, తిరిగొచ్చే బీము ఆ మేరకు బలహీనం. ఎంఓటీలో మేఘం కాస్త పక్కకు జరిగి సర్దుకుంటుంది కాబట్టి లోపం కనిపించదు. కాయిల్స్ ఆపి మొలాసెస్‌ను అలాగే ఉంచి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో చూడండి: పొగలా నలువైపులా నెమ్మదిగా విచ్చుకోవాలి. ఒకవైపు తన్నుకుపోతే బీమును కొద్దిగా కుదించి పంపండి, తిరిగొచ్చేటప్పటికి తీవ్రత సమానమవుతుంది.

డిట్యూనింగ్ జరిపేటప్పుడు ఏఓఎం (శబ్దతరంగాలతో లేజర్ ఫ్రీక్వెన్సీని జరిపే పరికరం) నుంచి వచ్చే బీము కోణం కదిలి ఫైబర్ నుంచి వచ్చే పవర్ ఎంత మారుతోందో కూడా రాసుకోండి. తీవ్రతను ఒక్కసారిగా కాక, చివరి 5 మిల్లీసెకన్లలో దించుతూ పోండి.

రుబిడియం87:
డైపోల్ ట్రాప్‌కు 10 వాట్లు, 50 మైక్రోమీటర్ల వెయిస్ట్ (బీము అతి సన్నగా ఉన్నచోట వ్యాసార్థం). చాలుతుందా?

చల్లమబ్బు:
ఆ లెక్కన ట్రాప్ లోతు సుమారు 0.4 మిల్లీకెల్విన్. మేఘం 40 మైక్రోకెల్విన్ లోపుంటే హాయిగా నిలుస్తుంది, 120తో చాలామటుకు జారిపోతుంది. ఎక్కించే చివరి దశలో రీపంపర్‌ను (కింది స్థాయికి జారిన ఆటమ్స్‌ను మళ్లీ కూలింగ్‌లోకి తెచ్చే లేజర్) 1 శాతానికి దించండి. ఆటమ్స్ ఎఫ్=1 అనే కింది స్థాయిలో చీకట్లో కూర్చుంటాయి, లైటు వల్ల జరిగే జంట తాకిళ్ల నష్టం తగ్గుతుంది. 1064 లైటు 780 రేఖను నీలం వైపు జరుపుతుంది కాబట్టి ఫొటో తీసేది ట్రాప్ ఆపిన తర్వాతే. రెండో బీము అడ్డంగా వేస్తే రెండింటి మధ్య ఏఓఎంలతో పదుల మెగాహెర్ట్జ్ తేడా ఉంచండి, లేకపోతే ఇంటర్‌ఫియరెన్స్ చారలు కదిలి ఆటమ్స్‌ను వేడెక్కిస్తాయి.