ఎవరికీ కేటాయించని పని, ఖాళీగా ఉన్న ఏజెంటుకి దానంతటదే వెళ్లాలా?

కోవూరు కుర్రోడు:
మాది నెల్లూరులో చిన్న టీమ్. రొయ్యల రైతులు పంపే మెసేజీలు, ఫోటోలు, నీటి పరీక్ష రిపోర్టులు అన్నీ ఒకే క్యూలో పడతాయి. వాటిని చూడటానికి సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు ఉన్నాయి. ఒకటి రిపోర్టులో అంకెలు చదువుతుంది, ఒకటి ఫోటోలు చూస్తుంది, ఒకటి మేత బిల్లులు, ఇంకొకటి టెక్నీషియన్ విజిట్ బుక్ చేస్తుంది. ఏది ఎవరికో తేలని పనులను పొద్దున ఆఫీసుకొచ్చాక ఒక మనిషి కూర్చుని పంచుతున్నాడు. అది ఆపేసి, కొన్ని సెకన్లకోసారి క్యూ చూసి ఖాళీగా ఉన్న ఏజెంటుకి పని అప్పజెప్పే డిస్పాచర్ పెడదామని నేనంటున్నా. రాత్రి రెండింటికి రైతు పెట్టిన మెసేజీ తొమ్మిది దాకా అలా పడి ఉండటం అన్యాయం కదా. టీమ్‌లో సగం మంది ఒప్పుకోవడం లేదు, మీరేమంటారు?

ముత్తుకూరు ఆక్వా:
నేను గుంటల దగ్గర పనిచేసేవాణ్ణి, నాకైతే వద్దు తమ్ముడూ. రాత్రిపూట నీళ్లలో ఉన్న నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామునే డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది, 3 పీపీఎం కిందికి దిగిందంటే రొయ్య తట్టుకోలేదు. అలాంటి టైములో మా దగ్గర ఒక రైతు "రొయ్య పైకి తేలుతోంది" అని పెడితే, మేం వాడే సిస్టమ్ దాన్ని బిల్లుల ఏజెంటుకి ఇచ్చింది. ఎందుకంటే ఆ టైములో ఖాళీగా ఉన్నది అదే. అది "మీ సందేశం అందింది, ధన్యవాదాలు" అని జవాబిచ్చి పని పూర్తయినట్టు మూసేసింది. ఎవరికీ ఇవ్వకుండా వదిలేసి ఉంటే కనీసం ఎర్రగా కనబడేది, ఎవరో ఒకరు చూసేవాళ్లు. మూసేసిన పనిని మళ్లీ ఎవడు తెరిచి చూస్తాడు?

కావలి బ్యాకెండ్:
అన్నా, అక్కడ తప్పు ఆటోమేటిక్‌గా ఇవ్వడంలో లేదు, ముందు చూడాల్సింది వెనక చూడటంలో ఉంది. ప్రోగ్రాములను చాలా కంప్యూటర్ల మీద పంచి నడిపే కుబెర్నెటీస్‌లో షెడ్యూలర్ సంగతే తీసుకోండి, ఒక పాడ్‌ని, అంటే నడవాల్సిన ప్రోగ్రామ్‌ని, ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు ముందు పనికిరాని నోడ్లన్నిటినీ, అంటే కంప్యూటర్లని, తీసేస్తుంది, మిగిలినవాటికే మార్కులు వేస్తుంది. ఒక్కటీ మిగలకపోతే పాడ్ పెండింగ్‌లోనే ఉంటుంది, ఎక్కడో ఒకచోట పడేయదు. మనమూ అంతే, ఈ పని చేయగలదా అన్నది ముందు, ఖాళీయా అన్నది తర్వాత. ఇంకో పద్ధతి 1980లో కంప్యూటర్ పరిశోధకుడు రీడ్ స్మిత్ రాసిన కాంట్రాక్ట్ నెట్: పనిని ప్రకటిస్తే ఏజెంట్లే మేం చేస్తామని బిడ్ వేస్తాయి. కానీ ఇప్పటి భాషా మోడల్ ఏజెంట్‌ని నువ్వు చేయగలవా అని అడిగితే చేస్తాననే అనే అవకాశం ఎక్కువ, దాని మాట మీద పని ఇవ్వకూడదు. ఇంతకుముందు ఆ రకం పనులు ఎలా చేసిందో రికార్డు చూసి ఇవ్వాలి.

ఒంగోలు డేటాబేస్:
అసలు డిస్పాచర్ దేనికి? మాది చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి కాగితాల పని. పనులన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఒక టేబుల్‌లో ఉంటాయి, ఏ ఏజెంటుకి ఏ రకం వచ్చో ఆ వరుసనే అది తీసుకుంటుంది. దాని 9.5 వెర్షన్ నుంచి స్కిప్ లాక్డ్ అనే సదుపాయం ఉంది కాబట్టి ఒకటి పట్టుకున్న వరుసను ఇంకోటి వదిలేసి ముందుకెళ్తుంది, కొట్లాట లేదు. మీరు జాగ్రత్తపడాల్సింది గడువు దగ్గర. అమెజాన్ వాళ్ల క్యూ సర్వీసు ఎస్‌క్యూఎస్‌లో ఒకరు తీసుకున్న మెసేజీ మిగతావాళ్లకు కనబడకుండా ఉండేది మామూలుగా 30 సెకన్లే. మోడల్‌కి జవాబివ్వడానికే నిమిషం పట్టిందనుకోండి, అదే పని రెండో ఏజెంటు చేతికీ వెళ్తుంది, ఒకే గుంటకి ఇద్దరు టెక్నీషియన్లు బుక్ అవుతారు. గడువు పొడిగిస్తూ ఉండాలి, ఒకే పని రెండుసార్లు వచ్చినా రెండో బుకింగ్ పడకుండా పనికో గుర్తింపు నంబరు పెట్టాలి.

ముత్తుకూరు ఆక్వా:
మీ కాగితం తప్పు చేతికి వెళ్తే ఒకరోజు ఆలస్యం, సరిచేసుకుంటారు. ఇక్కడ తెల్లారేసరికి గుంట పోతుంది. ఇంకో మాట, ఏ రకం పని అన్నది మీ టేబుల్‌లో రాసుంటుంది. మా రైతు పెట్టేది వాయిస్ మెసేజీ, "ఏందో తేడాగా ఉందబ్బయ్యా, వచ్చి చూడండి" అంటాడు. అది ఏ రకమో చెప్పేదెవరు?

కోవూరు కుర్రోడు:
ఈ ప్రశ్నకి మా దగ్గర సరైన జవాబు లేదు, ఒప్పుకుంటా. వర్గీకరించే ఏజెంటు పెట్టొచ్చు, అది తడబడితే మళ్లీ మొదటికే. అయినా బిల్లులు, రిపోర్టులు లాంటి తేటగా తెలిసే పనుల్ని మనిషి కోసం ఆపడం నాకు నచ్చడం లేదు, అవి వెంటనే వెళ్లిపోతేనే మనిషికి మిగతావి చూసే తీరిక ఉంటుంది.

కావలి బ్యాకెండ్:
ఆ గీత దగ్గరే ఆపండి. తేటగా ఉన్నవి ఆటోమేటిక్. అనుమానం ఉన్నవి ఏ ఏజెంటుకీ వద్దు, మనిషి ఫోన్ మోగాలి, ఎత్తకపోతే రెండో మనిషికి మోగాలి. ఏజెంటు తనంతట తాను ఏ పనినీ మూయకూడదు, రైతు సరేనన్నాకే మూయాలి.

ముత్తుకూరు ఆక్వా:
దీనికి నేనూ సరే. కానీ రాత్రి ఆ ఫోన్ ఎత్తే మనిషికి జీతమిచ్చి పెట్టాకే డిస్పాచర్ ఆన్ చేయండి, ముందు ఆన్ చేసి మనిషిని తర్వాత చూద్దాం అంటే మాత్రం నేను ఒప్పుకోను.