చర్చ: 1/7 ఎంటర్‌ప్రైజ్ ఫిగర్, మొహానికి పదికి పది, ఆ డెక్ సంగతే తేలాలి

బూడిద_దెయ్యం:

యుద్ధనౌకల్ని అమ్మాయిలుగా చూపించే అజూర్ లేన్ గేమ్‌లోని ఎంటర్‌ప్రైజ్ (అమెరికా విమానవాహక నౌక) 1/7 బొమ్మ ఎట్టకేలకు చేతికొచ్చింది. మధ్యలో రెండుసార్లు వాయిదా పడింది. ప్రీఆర్డర్లు పెట్టేవాళ్లకి ఇదేం కొత్త కాదు కాబట్టి దాని గురించి ఏడవను. పదిహేడు రోజులుగా అరలో నిలబడి ఉంది. పెట్టె తెరిచిన రాత్రే రాసుంటే ఇది పొగడ్తల దండకం అయ్యేది. ఆగి రాయడమే మంచిదైంది.

ముందు మొహం. కళ్లు ప్యాడ్ ప్రింటింగ్‌తో వేస్తారు కదా, అచ్చు వెంట్రుకవాసి పక్కకి జరిగినా మెల్లకన్ను వచ్చేస్తుంది. నాదానికి రాలేదు. ఊదారంగు కనుపాప కింద అంచున లేత గీత ఒకటుంది, దీపం కింద తిప్పి చూస్తే తప్ప కనిపించదు. జుట్టు ఉత్త తెలుపు కాదు. కుదుళ్ల దగ్గర బూడిదరంగు, కొసలకొచ్చేసరికి వెలుగు అటునుంచి ఇటు దిగేంత పలచన. నల్లకోటు భుజాల మీంచి జారి గాల్లోకి ఎగిరినట్టు పోశారు, ఎవరూ చూడని లోపలి మడతల్లో కూడా నీడ వేశారు. అక్కడే పడిపోయాను నేను.

ఇక రిగ్గింగ్, అంటే అమ్మాయి ఒంటికి తగిలించిన ఓడ భాగాలు. ఫ్లైట్ డెక్ (విమానాలు లేచి దిగే పైతలం) మీద చెక్కపలకల గీతలు, వాటిలో పలచటి నల్లరంగు వాష్, ముందు వైపు ఓడ నంబరు 6, అడ్డంగా దిగే విమానాల్ని ఆపే అరెస్టర్ తీగలు కూడా చెక్కారు. మూడు బుల్లి విమానాలు. విల్లు మీద వాలిన డేగ. ఇంతవరకూ ఒక్క వంక పెట్టలేను. కానీ ఇంత పెద్ద డెక్‌ను నడుము వెనక ఒకే ఒక్క పెగ్, అంటే రంధ్రంలో దూర్చే చిన్న ముక్క, మోస్తోంది! మొదటి రోజు డెక్ కింది కొస నుంచి బేస్ దాకా కొలిస్తే 31 మిల్లీమీటర్లు. ఇవాళ 26. పదిహేడు రోజులకి ఐదు.

ఇదే ఫిగర్ ఉన్నవాళ్లూ, ఇలాంటి ఓడపిల్లల ఫిగర్లు ఏళ్ల తరబడి దాచుకున్నవాళ్లూ ఎవరైనా ఉంటే మీ అనుభవం చెప్పండి. డేగ ఇప్పటికే ఒకసారి పడింది, దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

అరలో_చోటు_లేదు:

బ్రో, ముందు ఒకటి చెప్పు. వాలుతున్నది డెక్కా, బొమ్మ మొత్తమా? రెండూ వేరు వేరు జబ్బులు. నా ఫిగర్లలో మూడు వాలాయి. మూడింటిలోనూ తప్పు చీలమండది. కాలు పీవీసీ, బేస్ ఏబీఎస్, రెండూ ప్లాస్టిక్ రకాలే. ఏబీఎస్ బిర్రుగా ఉంటుంది, పీవీసీకి వేడి తగిలితే మెత్తబడుతుంది. పైనున్న బరువంతా ఆ సన్నటి చీలమండ మీదే పడితే నెలల మీద నెమ్మదిగా వంగుతుంది. కంటికి తెలియదు, ఒకరోజు సడన్‌గా అనుమానం వస్తుంది, అప్పటికే ఆలస్యం. కొందరు తయారీదారులు కాలి లోపల లోహపు కడ్డీ పెడతారు. అలాంటి ఫిగర్ పదేళ్లైనా నిటారుగా ఉంటుంది.

బూడిద_దెయ్యం:

అది చూశానండీ. రెండు కాళ్లూ బేస్‌కి అంటుకునే ఉన్నాయి, పాదం కింద సందు లేదు. టోపీ కొస నుంచి దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీశా, మొదటి రోజు ఫొటోలో ఎక్కడ పడిందో ఇప్పుడూ అక్కడే పడుతోంది. కాబట్టి మనిషి బాగానే ఉంది. డెక్ ఒక్కటే.

కొత్తగా_కొన్నా:

అన్నా, ఒక చిన్న డౌట్, తిట్టొద్దు. 1/7 అంటే ఓడలో ఏడో వంతా, అమ్మాయిలో ఏడో వంతా?

మిడ్‌వే42:

తిట్టడమెందుకు, మంచి ప్రశ్న. అసలు ఎంటర్‌ప్రైజ్ పొడవు 250 మీటర్ల పైచిలుకు. దానికి ఏడో వంతు తీస్తే 36 మీటర్ల బొమ్మ వస్తుంది, ఆ పెట్టెను గుమ్మంలోంచి ఎలా తెస్తావో నువ్వే చూసుకోవాలి. స్కేల్ ఎప్పుడూ మనిషిదే. 160 సెంటీమీటర్ల అమ్మాయి అనుకుంటే 1/7లో 23కి పిసరు తక్కువ, 1/8లో 20. పెట్టె మీద రాసే మొత్తం ఎత్తులో టోపీ, విల్లు, బేస్ కూడా కలుస్తాయి, అందుకే 1/7 అని రాసి 30 దాటినవి కనిపిస్తాయి.

రిగ్గింగ్‌కి మాత్రం ఏ స్కేలూ లేదు. డెక్ పొడవు 25 సెంటీమీటర్లు ఉంటే అది అసలు ఓడకి వెయ్యో వంతు. అంటే 1/7 అమ్మాయి చంకన 1/1000 ఓడ. చెక్కేవాళ్లకి ఇదో తలనొప్పి. వెయ్యో వంతులో పలకల గీతలు కంటికే ఆనవు, అందుకని కావాలనే లావుగా గీస్తారు.

దెయ్యంగారూ, ఆ విమానాల మీద నక్షత్రం దగ్గరగా ఫొటో తీసి పెడతారా? మధ్యలో ఎర్రచుక్క ఉందా లేదా చూడాలి.

బూడిద_దెయ్యం:

భూతద్దం పెట్టి చూశా. నీలం గుండ్రం, తెల్ల నక్షత్రం. ఎర్రచుక్క లేదు. తోక మీద చారలు కూడా లేవు. పెయింట్ వెయ్యడం మర్చిపోయారా?

మిడ్‌వే42:

మర్చిపోలేదు, తెలిసే చేశారు! అమెరికా విమానాల నక్షత్రం మధ్యలో ఎర్రచుక్క ఉండేది. జపాన్ విమానాల మీదున్న ఎర్ర సూర్యబింబంతో పొరబడి సొంతవాళ్లే కాల్చుకుంటారని 1942 మే నెలలో దాన్ని తీసేశారు. చుక్కాని మీది ఎరుపు తెలుపు చారలు కూడా అప్పుడే పోయాయి. ఆ వెంటనే జూన్ 4న మిడ్‌వే యుద్ధం. ఎంటర్‌ప్రైజ్ నుంచి లేచిన డైవ్ బాంబర్లు జపాన్ విమానవాహక నౌకలు అకాగినీ కాగానీ దెబ్బకొట్టింది ఆ పొద్దునే. కాబట్టి మీ డెక్ మీదున్నవి మిడ్‌వే నాటి విమానాలో, ఆ తర్వాతివో. మిల్లీమీటరు నక్షత్రంలో ఇంత జాగ్రత్త తీసుకున్నవాళ్లు పెగ్ దగ్గర ఎందుకు చేతులెత్తేశారో నాకు అర్థం కావట్లేదు.

సబ్బునీళ్లు:

పెగ్ సంగతికి ముందు ఇంకోటి. కోటు నలుపు అన్నారు, లోపలి చొక్కా తెలుపు. రెండూ తగిలే చోట పలచటి ప్లాస్టిక్ ముక్కలు పెట్టి వచ్చుంటాయి. పారేశారా? నేను పారేశాను. ఇల్లు మారేటప్పుడు ఫిగర్‌ని పెట్టెలో పెట్టి ఏడాది తర్వాత తీస్తే తెల్లచొక్కా మీద నల్లకాలర్ ఆకారం అచ్చుగుద్దినట్టు దిగింది. తుడిస్తే పోదు. ముదురు రంగు పీవీసీలోని రంగు లేత రంగు పీవీసీలోకి ఊరుతుంది, అది పైన అంటిన మట్టి కాదు. మెలమిన్ స్పాంజితో రుద్దాను. మరక అలాగే ఉంది, చొక్కా మాత్రం నిగనిగలాడుతోంది. ఆ స్పాంజి సన్నటి ఉప్పుకాగితం లాంటిదని తర్వాత తెలిసింది.

రెండోది, జిగట. గాలాడని పెట్టెలో, మూసిన అద్దాల బీరువాలో ఉంచితే పీవీసీని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ మెల్లగా పైకి తేలుతుంది. ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది, దుమ్మంతా పట్టుకుంటుంది. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసి మెత్తటి బ్రష్‌తో కడిగి నీడన ఆరబెట్టండి. ఆల్కహాల్ వద్దు, పెయింట్ లేస్తుంది. ఎసిటోన్ అయితే పెయింటే కాదు, బొమ్మే కరుగుతుంది.

బూడిద_దెయ్యం:

ముక్కలు పారెయ్యలేదు, పెట్టెలోనే ఉన్నాయి. పెట్టె విప్పేటప్పుడు ఏ ముక్క ఎక్కడుందో వరసగా ఫొటోలు కూడా తీసుకున్నా. కిందటి ఫిగర్‌ని మళ్లీ సర్దలేక ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టాను, ఆ బుద్ధి వచ్చింది.

పీవీసీ_పిచ్చి:

ఫొటోలు చూశాక అడుగుతున్నా, ఏమనుకోకండి. నకిలీ కాదు కదా? ఒక్క పెగ్, వాలడం అనగానే నాకు అదే తట్టింది. ఒకసారి మోసపోయినవాణ్ణి. నాకొచ్చిన దాని చర్మం నూనె రాసినట్టు మెరిసేది, జుట్టు కొసలు కత్తిరించినట్టు మొద్దుగా ఉండేవి, పెట్టె మీద అక్షరాలు ఫొటోకి ఫొటో తీసినట్టు అలుక్కుపోయాయి. మూత తియ్యగానే ముక్కు పగిలే రసాయనం వాసన.

బూడిద_దెయ్యం:

అదేం లేదండీ, అసలుదే. జుట్టు కొసలు సూదుల్లా ఉన్నాయి, వాసన లేదు, పెట్టె అచ్చు నిక్కచ్చిగా ఉంది. అసలు సరుకులో ఇలా ఉండడమే నా బాధ.

రెండు_పెట్టెలు:

పోల్చి చూడ్డానికి నాది చెప్తా. నా దగ్గర కాన్‌కోలె (ఇలాంటిదే ఇంకో ఓడపిల్లల గేమ్) యమాతో ఉంది, జపాన్ యుద్ధనౌక. అసలు ఓడలో 46 సెంటీమీటర్ల తుపాకులు తొమ్మిది, మూడేసి చొప్పున మూడు టరెట్లు. ఫిగర్ రిగ్గింగ్ ఎంత లావో ఊహించుకోండి, అమ్మాయి కన్నా తుపాకులే ఎక్కువ బరువు. ఏళ్లు గడిచినా వెంట్రుక కదల్లేదు. ఎందుకంటే రిగ్గింగ్ నడుముకి రెండు పక్కలా సమంగా ఉంది, కింద నుంచి పారదర్శకమైన ఊతం కూడా ఉంది. బరువు ఎంత అన్నది కాదు, ఎటు లాగుతోందన్నదే అసలు సంగతి. మీ ఎంటర్‌ప్రైజ్‌కి డెక్ ఒక్క పక్కనే, అదీ ఒంటికి దూరంగా. కావడికి ఒకవైపే కుండ కట్టినట్టు.

ఇకమీద ఓడపిల్లల ఫిగర్ ప్రీఆర్డర్ పెట్టేముందు మొహం తర్వాత చూడండి, వెనక నుంచి తీసిన ఫొటో ముందు చూడండి. ఎన్ని పెగ్‌లు, ఊతం ఉందా, బేస్ ఎంత వెడల్పు. వండర్ ఫెస్టివల్ అనే బొమ్మల ప్రదర్శనలో పెట్టే ప్రోటోటైప్ ఫొటోలు నమ్మొద్దు. అవి విడిగా చేతితో చేసిన నమూనాలు, కార్ఖానాలో పోసిన పీవీసీ ఎన్నాళ్లు నిలబడుతుందో వాటిని చూసి చెప్పలేం.

పీవీసీ_పిచ్చి:

పెగ్‌కి హెయిర్ డ్రయర్ కొట్టి పైకి వంచెయ్యండి, ఐదు నిమిషాల పని.

సబ్బునీళ్లు:

వద్దు!! డ్రయర్ గాలి ఎక్కడ ఎంత వేడి పడుతోందో తెలియదు. పక్కనే నల్లకోటు ఉంది, పెయింట్ బుడగ లేస్తే దానికి మందు లేదు. పెగ్ విడిగా ఊడి వస్తే ఆ ముక్కను మాత్రమే వేడినీళ్లలో ముంచండి. మరిగే నీళ్లు కాదు, మరిగాక దించి కాసేపు ఆగినవి. అర నిమిషం ఉంచి, తీసి, కావలసిన దానికన్నా ఒక పిసరు ఎక్కువ పైకి వంచి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో ముంచండి. వదిలాక కాస్త వెనక్కి వస్తుంది, ఆ పిసరు అందుకే.

అరలో_చోటు_లేదు:

అది చేసినా ఊతం లేకపోతే మళ్లీ వాలుతుంది. బరువు అదే, ప్లాస్టిక్ అదే. పైగా బీరువా పైఅరలో దీపాలకి దగ్గరగా పెట్టినట్టున్నారు. కింది అరకి మార్చండి, ఎండ పొడ తగలకుండా. ఎండ తగిలితే ఆ తెల్లజుట్టు పసుపు తిరుగుతుంది కూడా.

బూడిద_దెయ్యం:

నిన్న రాత్రి కూర్చున్నా. డెక్ లాగితే పెగ్ దాంతోనే ఊడి వచ్చింది, అదృష్టం. చిటికెనవేలి గోరంత ముక్క, మొదలు దగ్గర నలిగి తెల్లగీత పడి ఉంది. అక్కడే వంగిందన్నమాట. డెక్ తడవకుండా బోర్లా పట్టుకుని పెగ్ ఒక్కటే గ్లాసులో ముంచా. అర నిమిషానికి రబ్బరులా అయింది. వంచి చన్నీళ్లలో పెట్టి ఇరవై లెక్కపెట్టా. తిరిగి బిగిస్తే 33 మిల్లీమీటర్లు చూపించింది, పొద్దున్నకి 32. డెక్ కింద బేస్ మీద పారదర్శకమైన యాక్రిలిక్ కడ్డీ ముక్క కోసి నిలబెట్టా, కొసకి చిన్న సిలికాన్ బొట్టు, గీతలు పడకుండా. అతికించలేదు, ఊరికే ఆనించాను. ఎదురుగా చూస్తే కనబడదు, పక్కనుంచి చూస్తే కనబడుతుంది. నాకు పర్లేదు.

తయారీదారుకి మెయిల్ కూడా పెట్టా. ముక్క విరిగితే మార్చి ఇస్తారట, వంగితే అది వాడకంలో సహజమట.

మిడ్‌వే42:

అసలు ఓడకి అమెరికా వాళ్లు ఇచ్చిన మర్యాద కూడా అంతే లెండి. రెండో ప్రపంచయుద్ధంలో 20 బ్యాటిల్ స్టార్లు (పోరాటాల్లో పాల్గొన్నందుకు ఇచ్చే గుర్తింపు), అమెరికా ఓడల్లో ఇంకెవరికీ అన్ని లేవు. 1958లో పాత ఇనుముకి అమ్మేశారు. వెనక భాగం మీద పేరున్న పలక ఒకటి న్యూజెర్సీలోని రివర్ వేల్‌లో మిగిలింది. మీ దగ్గరున్న డెక్ అయినా నిటారుగా ఉండనివ్వండి.

కొత్తగా_కొన్నా:

అన్నా, ఇంతకీ కొనమంటారా వద్దంటారా?

బూడిద_దెయ్యం:

కడ్డీ కోసుకునే ఓపిక ఉంటే కొను. ఆ కోటు మడతలు చూశాక వద్దని నా నోటితో చెప్పలేను. పెట్టె తెరిచిన రోజే కడ్డీ పెట్టెయ్, నాలా పదిహేడు రోజులు స్కేలు పట్టుకుని కూర్చోకు.

మూడు వారాల తర్వాత కొలత: 32. కదల్లేదు. డేగ మాత్రం మళ్లీ పడింది, ఈసారి బీరువా వెనక్కి. ఇంకా దొరకలేదు.