ఆఫీసుకి లేజర్ ప్రింటర్ కొనాలి, ఏం చూడాలి?

మేం ఆరుగురం, రోజుకి 60-70 పేజీలు, అన్నీ బ్లాక్ అండ్ వైటే. ఇప్పుడున్న ఇంక్‌జెట్ నాలుగు రోజులు వాడకపోతే చాలు హెడ్ ఎండిపోయి గీతలు గీతలుగా వస్తోంది, క్లీనింగ్ కొట్టీ కొట్టీ సగం ఇంకు దానికే పోతోంది. లేజర్‌కి మారదామనుకుంటున్నా, సలహా ఇవ్వండి.

జవాబు 1:
లేజర్‌లో ఇంకు బదులు వాడే టోనర్ అంటే పొడి కదండీ, ఎండిపోయే గొడవే లేదు. మెషీన్ రేటు చూసి మోసపోకండి, టోనర్ రేటుని దానికి ఎన్ని పేజీలు వస్తాయని కంపెనీ చెబుతుందో ఆ లెక్కతో భాగించి చూడండి, ఆ లెక్క కూడా పేజీలో 5% మాత్రమే నలుపు ఉంటుందనుకుని వేసింది, టేబుళ్లూ లోగోలూ ఉంటే అన్ని పేజీలు రావు. రెండువైపులా దానంతటదే ప్రింటయ్యేది తీసుకోండి.

జవాబు 2:
డ్రమ్ (టోనర్ పొడిని కాగితం మీదికి చేర్చే రోలర్) సంగతి కూడా చూడండి. బ్రదర్‌లో డ్రమ్ వేరు టోనర్ వేరు, హెచ్‌పీలో చాలా మోడళ్లకి రెండూ ఒకే కార్ట్రిడ్జ్‌లో. పేజీ మీద ఒకే మచ్చ సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే ముందు డ్రమ్మునే అనుమానించాలి. అన్నట్టు యూపీఎస్‌కి మాత్రం తగిలించొద్దు, ఫ్యూజర్ (పొడిని వేడితో కాగితానికి అతికించే భాగం) వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, నేను తగిలించి పక్కనున్న మూడు కంప్యూటర్లూ ఆర్పేశా 😅

అడిగినవాణ్ణి:
యూపీఎస్ ముక్క మంచి టైమ్‌కి చెప్పారు, అక్కడే పెడదామనుకున్నా!