అప్‌డేట్: ఇటలీలోని విల్లా ఎమోకు తెవికీలో పేజీ పెట్టవచ్చు, పెట్టాను

ఉత్తర ఇటలీలో ఫాన్‌జోలో అనే ఊరి దగ్గరున్న విల్లా ఎమో అనే పాత భవనానికి తెలుగు వికీపీడియాలో వ్యాసం రాసేంత ప్రాముఖ్యత ఉందా అని నెల క్రితం ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు. విషయం తేలింది.

"కట్టడం ఎంత పాతదో వదిలెయ్యండి, దానితో సంబంధం లేనివాళ్లు దాని గురించి విస్తారంగా రాశారా చూడండి" అన్న సలహాయే పనిచేసింది. వెతికితే మూలాలకు కొదవ లేదు. 1570లో దీన్ని కట్టిన వాస్తుశిల్పి పల్లాడియో తన గ్రంథంలో ఈ ఇంటి ప్లాను ఇచ్చి, ఇరువైపులా గాదెలు, పశువుల కొట్టాలు, చివర్లలో పావురాల గూళ్లు ఉన్నాయని రాశాడు. అయితే కట్టినవాడే రాసింది కాబట్టి ప్రాముఖ్యతకు అది లెక్కలోకి రాదు, వివరాలకు మాత్రం వాడుకోవచ్చు. అసలు బలం తర్వాతి కళాచరిత్రకారుల రచనలది. దానికి తోడు, విచెంజా నగరానికి 1994లో వచ్చిన యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపును 1996లో విస్తరించినప్పుడు ఈ విల్లా కూడా అందులో చేరింది.

నేను మురిసిపోయి చూపించిన విల్లా సొంత వెబ్‌సైటు, పర్యాటకుల ఫొటోలు దేనికీ పనికిరాలేదు. ఇంగ్లిషులో పేజీ ఉందన్న నా వాదనా అంతే, ఏ భాష వికీ నిర్ణయం దానిదే.

ప్రస్తుతానికి పేజీ మొలకే, అంటే కొద్ది వాక్యాల చిన్న వ్యాసమే. లోపలి గోడల మీద చిత్రకారుడు జెలోట్టి వేసిన కుడ్యచిత్రాల భాగం రాయాల్సి ఉంది.